గడ్డి నాటిందెవరు? ప్లాట్లు అమ్మిందెవరు? కార్ల్ ఫిషర్ కథ

అమెరికా దేశపు మ్యాపు చూస్తే ఆగ్నేయ మూలన వేలులాగా సముద్రంలోకి పొడుచుకు వచ్చిన రాష్ట్రం ఒకటి కనబడుతుంది. దాని పేరు ఫ్లోరిడా. ఆ వేలు కొసకు దగ్గరలో మయామీ నగరం ఉంది. మయామీకి ఎదురుగా, బిస్కేన్ అఖాతానికి అవతల, పొడుగాటి సన్నని ఇసుక దిబ్బ ఉంది. ఆ దిబ్బ మీద లేచిన ఊరే మయామీ బీచి. అక్కడ నాలుగు గజాల స్థలం కొనాలంటే మనబోటివాళ్లు తరాల తరబడి కూలికి పోయినా చాలదు. 1880 ప్రాంతాల్లో అదే దిబ్బ మీద భూమి ఎకరా ఒక డాలరుకు అటూ ఇటూగా పోయింది.

ఈ మార్పు ఎట్లా వచ్చిందని అడిగితే ఆ ఊరివాళ్లు ఒక్క మనిషి పేరు చెబుతారు. ఆయన పేరు కార్ల్ గ్రాహం ఫిషర్. చిత్తడిని చూసి పట్టణాన్ని ఊహించిన మహానుభావుడని కొందరు, ఇసుకకు రంగు పూసి అమ్మిన గారడీవాడని కొందరు ఆయన గురించి ఇన్నేళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు. వట్టి దొంగ అని ఒక్క మాటతో తేల్చేస్తే మనకు సులువే గాని, అది నిజం కాదు. ఆయన జీవితం అంతకంటే చిక్కుగా ఉంది. ఆ చిక్కు మన వ్యవసాయ కార్మికులకు తెలియాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ఫిషర్ 1874 జనవరి 12న ఇండియానా రాష్ట్రంలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి తాగుబోతై ఇల్లు వదిలి పోయాడు. పిల్లల్ని తల్లే సాకింది. ఫిషర్‌కు చూపు బాగా మందం. బోర్డు మీద అక్షరాలు కనబడక, ఇంట్లో గడవక, పన్నెండేళ్లకే బడి మానేశాడు. కిరాణా కొట్లో పనిచేశాడు. రైళ్లలో పేపర్లు, పొగాకు, మిఠాయిలు అమ్మాడు. పదిహేడేళ్లకు, అంటే 1891లో, అన్నదమ్ములతో కలిసి ఇండియానాపొలిస్ నగరంలో సైకిళ్ల రిపేరు షాపు పెట్టాడు. ఇంతవరకు ఆయన మనలాంటివాడే. ఈ మాట ఎందుకంటున్నామంటే, పేదింట్లో పుట్టినవాడు పేదవాడి పక్షానే ఉంటాడని మనలో ఒక నమ్మకం ఉంది. ఫిషర్ బతుకు ఆ నమ్మకానికి నిలవదు.

సరుకు బాగున్నంత మాత్రాన అమ్ముడుపోదని, జనం తలెత్తి చూడాలని ఆయన చిన్నప్పుడే కనిపెట్టాడు. రెండు మేడల మధ్య తీగ కట్టి దాని మీద సైకిలు తొక్కాడు. తరువాత కార్ల వ్యాపారంలోకి దిగి, 1908లో గాలిబుడగకు కారు వేలాడదీసి, తాను అందులో కూర్చుని నగరం మీదుగా ఎగిరాడు. జనం విరగబడి చూశారు. కార్లు అమ్ముడుపోయాయి.

అసలు డబ్బు మాత్రం దీపాల్లో వచ్చింది. ఆ రోజుల్లో కార్లకు రాత్రిపూట సరైన దీపాలు ఉండేవి కావు. ఎసిటిలీన్ గ్యాసును సిలిండర్లో నింపి కారు దీపానికి వాడుకునే పద్ధతిని ఒకాయన ఫిషర్ దగ్గరికి తెచ్చాడు. 1904లో ఫిషరు, జేమ్స్ ఆలిసన్ అనే మిత్రుడూ కలిసి దాన్ని కంపెనీగా పెట్టారు. దాని పేరు ప్రెస్ట్-ఓ-లైట్. ఆ గ్యాసు భయంకరమైనది. ఫ్యాక్టరీలో పేలుళ్లు జరిగాయి. ఒకసారి జరిగి ఆగలేదు కూడా. కార్మికులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సిలిండర్లు నింపేవారు. చివరికి ఆ కంపెనీని యూనియన్ కార్బైడ్ సంస్థకు అమ్మితే వచ్చిన సొమ్ము 90 లక్షల డాలర్లు. యూనియన్ కార్బైడ్ పేరు వినగానే మన పాఠకులకు 1984 భోపాల్ గుర్తు రాకమానదు. అది వేరే కథ, ఇక్కడ పొడిగించం.

1909లో ఇండియానాపొలిస్‌లో కార్ల పందేల మైదానం కట్టినవాళ్లలో ఫిషరే ముఖ్యుడు. ఆ ఆగస్టులో జరిగిన మొదటి కార్ల పందేల్లోనే రాళ్ల బాట పగిలి, కార్లు తిరగబడి అయిదుగురు చచ్చిపోయారు. తరువాత అదే బాటను 32 లక్షల ఇటుకలతో పరిపించి మళ్లీ పందేలు నడిపాడు. వెనుదిరగడం ఆయనకు చేతకాని పని.

ఇక రోడ్లు. న్యూయార్కు నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా, ఆ సముద్రం నుంచి ఈ సముద్రం దాకా, దేశాన్ని అడ్డంగా కోసే రోడ్డు వెయ్యాలని 1912లో ఆయనే ప్రతిపాదించాడు. కార్ల కంపెనీలను చందా అడిగాడు. కొందరిచ్చారు, హెన్రీ ఫోర్డు ఇవ్వనన్నాడు. ఆ రోడ్డుకు లింకన్ పేరు పెట్టారు. నల్లజాతివారి బానిసత్వాన్ని తీసేసిన అబ్రహాం లింకన్ అంటే ఫిషర్‌కు వల్లమాలిన అభిమానం. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి, ముందు అవసరమవుతుంది. ఆ తరువాత 1914, 15 సంవత్సరాల్లో ఉత్తరాది రాష్ట్రాల నుంచి మయామీ దాకా మరో రోడ్డు తలపెట్టాడు. అది డిక్సీ హైవే. దక్షిణాదిలో ఆ రోడ్డును చాలాచోట్ల కాళ్లకు గొలుసులు వేసిన ఖైదీల చేత వేయించారు. వాళ్లలో ఎక్కువమంది నల్లవారు. ఆ రోడ్డు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఫిషర్‌కు భూములున్నాయి. అదీ మనం గుర్తుపెట్టుకోవలసిందే.

ఇప్పుడు ఇసుక దిబ్బ సంగతికి వద్దాం. ఫిషర్ రాకముందు అక్కడ ఏమీ లేదని రాస్తుంటారు. అది పొరపాటు. అక్కడ సేద్యం ఉంది. 1880ల్లో ఉత్తరాది నుంచి కొందరు ఆసాములు వచ్చి ఆ తీరం వెంట కొబ్బరితోటలు వెయ్యబోయారు. మూడు లక్షల పైచిలుకు కొబ్బరికాయలు ఓడల్లో తెప్పించి నాటించారు. మొలక వచ్చీ రాగానే ఎలుకలు, కుందేళ్లు కొరికి పారేశాయి. తోట పోయింది, పెట్టుబడి పోయింది. కోనసీమ రైతు ఎవరైనా అక్కడుంటే ముందే చెప్పి ఉండేవాడు, కొబ్బరి మొక్కకు కాపలా లేనిదే తోట నిలవదని.

ఆ నష్టపోయినవాళ్లకు అప్పిచ్చి, తరువాత భూమికి వారసుడైనవాడు జాన్ కాలిన్స్. న్యూజెర్సీ రాష్ట్రపు రైతు. ఆయన ఆ దిబ్బ మీదికి వచ్చేసరికి దాదాపు డెబ్బయ్యేళ్ల ముసలివాడు. అయినా అడవి కొట్టించి 1907 నుంచి అవకాడో తోట వేశాడు. బంగాళాదుంప, అరటి పండించాడు. సముద్రపు గాలికి తోట దెబ్బతినకుండా సరుగుడు చెట్లు వరసగా నాటించాడు. మన కోస్తాలో ఇసుక నేలల మీద రైతులు చేసే పనే ఇది. పంటను పడవల మీద అఖాతంలోకి తీసుకుపోవడానికి ఒక కాలవ తవ్వించాడు. ఆ కాలవ ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉంది. అయితే పంట మయామీ రైలుకు చేరాలంటే నీళ్లు దాటాలి గదా. అందుకని 1912లో అఖాతం మీద రెండున్నర మైళ్ల కొయ్య వంతెన మొదలుపెట్టాడు. సగం పైగా కట్టేసరికి డబ్బు అయిపోయింది. నీళ్ల మధ్యలో వంతెన ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడు మయామీలో చలికాలపు ఇల్లు కొనుక్కుని, కోట్ల సొమ్ము చేతిలో పెట్టుకుని, ఏం చెయ్యాలో తోచక కూర్చున్నవాడు ఫిషర్. ముసలి రైతుకు 50 వేల డాలర్లు అప్పిచ్చాడు. ప్రతిఫలంగా 200 ఎకరాలు పుచ్చుకున్నాడు. దిబ్బకు దక్షిణపు కొసన భూమి ఉన్న లమ్మస్ సోదరులనే బ్యాంకర్లకు కూడా లక్షన్నర అప్పిచ్చి, అక్కడా భూమి రాయించుకున్నాడు. 1913 జూన్‌లో వంతెన తెరిచారు. పంట దాటించడానికి రైతు తలపెట్టిన వంతెన మీద ఇక నుంచి భూమి కొనేవాళ్ల కార్లు వచ్చాయి. అప్పు రూపంలో వచ్చినవాడు ఆసామి అయి కూర్చోవడం మనకు కొత్త విషయం కాదు. కాకపోతే ఇక్కడ కాలిన్స్ కుటుంబం రోడ్డున పడలేదు. వాళ్లూ సేద్యం పక్కనబెట్టి ప్లాట్ల వ్యాపారంలో చేరి బాగుపడ్డారు. ఎటొచ్చీ తోట పోయింది.

తరువాత జరిగిన పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ దిబ్బలో సముద్రం వైపు ఇసుక, అఖాతం వైపు మడ అడవి. కోరింగ వైపు మడ అడవి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వేళ్లు నీళ్లలో ఒకదానికొకటి అల్లుకుని వల మాదిరిగా ఉంటాయి. మనిషి అడుగు వేస్తే మోకాలిదాకా దిగబడతాడు. కింద బురద, పైన దోమలు. ఆ అడవిని కొట్టడానికి వందలాది నల్లజాతి కూలీలను దించారు. జార్జియా నుంచి, దక్షిణాది పొలాల నుంచి వచ్చినవాళ్లు, బహామా దీవుల నుంచి పడవల్లో వచ్చినవాళ్లు. గొడ్డళ్లు, పొడుగాటి కత్తులు పట్టుకుని, ఎండలో, దోమల్లో, ఒక్కొక్క వేరే నరికారు. చెట్లు పడిన తరువాత అఖాతం అంచున గోడ కట్టారు. డ్రెడ్జర్లు తెచ్చి అఖాతం అడుగున ఉన్న ఇసుకను, నీళ్లతో సహా గొట్టాల్లోంచి ఎత్తి, నరికిన మోళ్ల మీద పోశారు. లక్షల ఘనపు గజాలు. సముద్రపు జీవాలన్నీ ఆ మట్టిలో కుళ్లి ఊరంతా కంపు కొట్టింది. నీళ్లు ఓడి, ఎండి, గట్టిపడేసరికి నెలలు పట్టింది. దాని మీద చెట్టు మొలవదు గనక ఎవర్‌గ్లేడ్స్ అనే లోపలి చిత్తడి నుంచి నల్లమట్టి తెచ్చి పరిచారు.

ఆ మట్టి మీద గడ్డి నాటాలి. ఆ గడ్డిని అక్కడ బెర్ముడా గడ్డి అంటారు, అది మన గరికే. ఫిషర్ భార్య జేన్ ఆయన చనిపోయిన తరువాత రాసిన పుస్తకంలో ఈ దృశ్యం వర్ణించింది. వందలమంది నల్లజాతి కూలీలు, అందులో ఎక్కువ ఆడవాళ్లు, పిల్లలు, మోకాళ్ల మీద పాకుతూ, గడ్డి బుట్టలు ముందుకు తోసుకుంటూ, మట్టిలో గడ్డి గుచ్చుకుంటూ పోయారట. మన అక్కచెల్లెళ్లు నడుం వంచి వరి నాట్లు వేస్తారు. అక్కడ మోకాళ్లు వంచి గరిక నాట్లు వేశారు. మన నాటుకు పంట వస్తుంది, ఎవరో ఒకరు అన్నం తింటారు. ఆ నాటుకు పచ్చని తివాచీ వచ్చింది, దాని మీద గోల్ఫు ఆట ఆడారు, పోలో గుర్రాలు పరుగెత్తాయి.

1915 మార్చి 26న మయామీ బీచి పట్టణంగా ఏర్పడింది. భూమి తయారైంది గాని కొనేవాడు రాలేదు. మొదటి ఏళ్లు ఫిషర్‌కు ఖర్చే తప్ప రాబడి లేదు. చేతి డబ్బు మంచినీళ్లలా పోసి హోటళ్లు, గోల్ఫు మైదానాలు, ఈత కొలనులు, పడవ పందేలు ఏర్పాటు చేశాడు. ఆయన్ని మెచ్చుకోవాలంటే ఇక్కడే మెచ్చుకోవాలి. తరువాతి రోజుల్లో ఫ్లోరిడాలో నీళ్లలో మునిగి ఉన్న ప్లాట్లను కాగితం మీద అమ్మిన మోసగాళ్లు చాలామంది పుట్టుకొచ్చారు. ఫిషర్ ఆ పని చెయ్యలేదు. చెప్పిన రోడ్డు వేశాడు, చెప్పిన హోటలు కట్టాడు. ఆయన మాట మీద నమ్మకంతో కొన్నవాడికి ప్లాటు ఉన్నచోటే ఉంది.

అమ్మే విద్య మాత్రం పాత గారడీయే. ఈతదుస్తుల్లో ఉన్న అమ్మాయిల ఫోటోలు చలికాలంలో మంచుపడే ఉత్తరాది నగరాల పత్రికలకు పంపించేవాడు. రోజీ అనే ఏనుగుపిల్లను తెప్పించాడు. 1921 జనవరిలో, అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికై ఇంకా ప్రమాణం చెయ్యని హార్డింగ్ మయామీ బీచికి గోల్ఫు ఆడడానికి వస్తే, కర్రల సంచి మొయ్యడానికి ఆ ఏనుగును నిలబెట్టి ఫోటో తీయించాడు. ఆ ఫోటో దేశమంతా అచ్చయింది. నేటికీ మయామీ బీచి చరిత్ర రాసేవాళ్లందరికీ ఆ ఏనుగు పేరు తెలుసు. గడ్డి నాటిన ఆడవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు.

ఇప్పుడు లింకన్ సంగతి. ఫిషర్ మయామీ బీచిలో వేసిన ముఖ్యమైన బజారు వీధి పేరు లింకన్ రోడ్డు. మొదట కట్టిన హోటలు పేరు లింకన్ హోటలు. అదే ఊళ్లో ప్లాట్ల దస్తావేజుల్లో ఒక షరతు రాసేవారు. ఈ స్థలాన్ని తెల్లజాతివారికి తప్ప ఇంకెవరికీ అమ్మకూడదు, అద్దెకు కూడా ఇవ్వకూడదు అని. ఫిషర్ హోటళ్లలో, క్లబ్బుల్లో యూదులకు ప్రవేశం లేదు. తనకు స్నేహితులైన ఒకరిద్దరు ధనిక యూదుల విషయంలో చూసీ చూడనట్టు పోయేవాడు గాని, నియమం నియమమే. దక్షిణపు కొసన లమ్మస్ సోదరులు యూదులకు అమ్మారు, నల్లవారికి మాత్రం వాళ్లూ అమ్మలేదు. ఇక పనిచేసే నల్లవారు పొద్దున వంతెన దాటి రావాలి, వంటచెయ్యాలి, గదులు ఊడవాలి, తోట తడపాలి, చీకటి పడ్డాక మళ్లీ వంతెన దాటి మయామీలో తమకు కేటాయించిన పేటకు పోవాలి. తాము పూడ్చిన నేల మీద రాత్రి నిద్రపోవడానికి వాళ్లకు హక్కు లేదు. తాము చదును చేసిన ఒడ్డున సముద్రంలో దిగడానికీ హక్కు లేదు.

ఊరికి దూరంగా పెట్టిన పేటలు, దిగనివ్వని చెరువులు మన దేశంలో ఎట్లా పుట్టాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అక్కడ తేడా ఏమంటే, ఆ నియమం ఏ పురాణంలోనుంచీ రాలేదు. భూమి ధర పెరగడానికి పనికొస్తుందని లెక్కవేసి రాసుకున్న కాగితం అది. ఫిషర్ మనసులో నల్లవారిపట్ల ద్వేషం ఎంతుందో మేము కొలవలేం. డబ్బున్న తెల్లవాళ్లు పక్కింట్లో ఎవరుంటారని అడుగుతారు, వాళ్లకు నచ్చే జవాబు ఇస్తే గజానికి నాలుగు డాలర్లు ఎక్కువ వస్తాయి. ఆయన ఆ జవాబు అమ్మాడు. లింకన్ బొమ్మ గోడ మీద ఉండనే ఉంది.

ఈ సందర్భంలో మరో మనిషిని పరిచయం చెయ్యాలి. డానా ఆల్బర్ట్ డార్సీ. జార్జియాలో బానిసత్వం నుంచి బయటపడిన తల్లిదండ్రులకు పుట్టినవాడు. మయామీకి వడ్రంగం పనికి వచ్చి, కూరగాయల సేద్యం చేసి, నల్లజాతి కార్మికులకు ఇళ్లు కట్టి అద్దెకిచ్చి, ఆ నగరంలో మొదటి నల్లజాతి లక్షాధికారి అయ్యాడు. ఓడల దారి కోసం 1905లో ఇసుక దిబ్బను కోస్తే, దక్షిణపు ముక్క విడిపోయి దీవి అయింది. 1918లో డార్సీ ఆ దీవిని కొన్నాడు. నల్లజాతివారికి ఎక్కడా ఒడ్డు లేదు గనక అక్కడ వాళ్ల కోసం విహారస్థలం కట్టాలని ఆయన తలపు. అది సాగలేదు. మరుసటి ఏడాదే అమ్మెయ్యవలసి వచ్చింది. కొన్నది ఎవరనుకుంటున్నారు? ఫిషరే. 1925లో ఆయన ఆ దీవిలో ఏడెకరాలు వాండర్‌బిల్ట్ అనే కోటీశ్వరుడికి ఇచ్చి, బదులుగా ఒక విహారనౌక పుచ్చుకున్నాడు. ఆ దీవిని నేటికీ ఫిషర్ దీవి అనే పిలుస్తారు. అమెరికాలో కెల్లా అత్యంత ధనవంతులు ఉండే చోట్లలో అది ఒకటి. ఒడ్డు నుంచి వంతెన లేదు. పనివాళ్లు పొద్దున్నే పడవలో పోయి, సాయంత్రం పడవలో తిరిగి వస్తారు.

1920ల మధ్యకు ఫ్లోరిడా అంతా భూముల పిచ్చి పట్టింది. డిక్సీ హైవే మీద కార్లు బారులు తీరాయి. మయామీ వీధుల్లో నిక్కర్లు వేసుకున్న కుర్ర దళారులు పుట్టుకొచ్చారు. ప్లాటుకు పదోవంతు బయానా కట్టి రసీదు తీసుకోవడం, ఆ రసీదును పక్కవాడికి లాభానికి అమ్మడం, వాడు ఇంకొకడికి అమ్మడం. పొద్దున ఒకడిది, మధ్యాహ్నం ఒకడిది, సాయంత్రం ఇంకొకడిది. భూమిని ఎవడూ చూడలేదు, చూసే పనీ లేదు. తాను కొన్ని ఏళ్లు కష్టపడి చేసిన వ్యాపారాన్ని వీళ్లు చెడగొడుతున్నారని ఫిషర్ మండిపడ్డాడు. ఆయన కోపం నిజమే గాని, పిచ్చికి మొదటి మందు పోసింది ఎవరో ఆయన మరిచిపోయాడు. ఆయన ఆస్తి అప్పుడు పదికోట్ల డాలర్లని అంచనా వేసేవారు.

1925 ఆగస్టులో సరుకు బరువు మొయ్యలేక రైలు కంపెనీ తిండి, బొగ్గు లాంటివి తప్ప ఇళ్లు కట్టే సామాను తీసుకురానంది. 1926 జనవరిలో ఒక పెద్ద ఓడ మయామీ రేవు ముఖద్వారంలో బోర్లాపడి దారి మూసుకుపోయింది. కొనేవాళ్లు సన్నగిల్లారు. సెప్టెంబరు 18న తుఫాను వచ్చింది. మన దివిసీమ జనానికి ఆ మాట చాలు, మిగతాది వాళ్లే ఊహించుకుంటారు. సముద్రం మయామీ బీచి మీదుగా అఖాతంలోకి పొర్లింది. మధ్యలో తుఫాను కన్ను వచ్చి గాలి ఆగితే, అయిపోయిందనుకుని జనం వీధుల్లోకి వచ్చారు. రెండో దెబ్బకు చాలామంది పోయారు. రాష్ట్రం మొత్తం మీద 370 మందికి పైగా చనిపోయినట్టు లెక్క.

అసలు దుర్మార్గం తరువాత జరిగింది. రెడ్‌క్రాస్ సంస్థ బాధితుల కోసం చందాలు అడుగుతుంటే, మయామీ పెద్దమనుషులు, బ్యాంకర్లు, ప్లాట్ల వ్యాపారులు నష్టం అంత లేదని పత్రికలకు చెప్పుకొచ్చారు. నష్టం బయటపడితే భూముల ధర పడిపోతుందని భయం. అనుకున్న 50 లక్షల డాలర్లు రాలేదు, 30 లక్షల పైచిలుకు దగ్గర ఆగిపోయింది. ఇల్లు కూలిన కూలివాడి కడుపు కొట్టి ప్లాటు ధర కాపాడబోయారు. అదీ దక్కలేదు.

రెండేళ్లకు, 1928 సెప్టెంబరులో, మరో తుఫాను లోపలి ఒకీచోబీ సరస్సు కట్టను తెంచింది. కనీసం 2,500 మంది మునిగిపోయారు. వాళ్లలో నూటికి డెబ్బయి అయిదుగురు నల్లజాతి వలస వ్యవసాయ కూలీలు. తెల్లవారిని పెట్టెల్లో పెట్టి పూడ్చారు. నల్లవారిని, వెస్ట్ పామ్ బీచిలో 674 మందిని, ఒకే గోతిలో వేశారు. దీనికి ఫిషర్ కారకుడు కాడు. కాని అదే ఫ్లోరిడా, అవే సంవత్సరాలు, అడవి నరికిన చేతులూ అవే. చిత్తడి భూమిని ఎండగట్టి లాభం తీసుకున్నవాడు ఒకడు, నీళ్లు తిరిగి వచ్చినప్పుడు అక్కడ ఉన్నవాడు ఒకడు.

తుఫాను వచ్చేసరికి ఫిషర్ ఉత్తరాదిలో ఉన్నాడు. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలాండ్ కొసన మాంటాక్ అనే చోట దాదాపు పదివేల ఎకరాలు 25 లక్షల డాలర్లకు కొన్నాడు. చలికాలానికి మయామీ బీచి, ఎండాకాలానికి మాంటాక్ అని లెక్క. అది తరతరాలుగా పశువులు మేసిన బీడు. అంతకుముందు మాంటాకెట్ అనే ఆదివాసులది. 1879లో ఆ భూమిని వేలంలో ఒక ధనవంతుడు కొని, అక్కడ నివాస హక్కులున్న ఆదివాసులకు కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి ఖాళీ చేయించాడు. వాళ్లు కోర్టుకు పోతే, 1910లో ఒక జడ్జి అసలు ఆ తెగే ఇప్పుడు లేదని తీర్పు చెప్పాడు. ఆ తెగవాళ్లు ఆ కోర్టులోనే కూర్చుని ఉన్నారు. ఫిషర్ ఈ పాపంలో లేడు, ఆయన వచ్చింది ఆ తరువాత. శుభ్రం చేసి పెట్టిన భూమిని కొన్నాడు. వ్యాపారులు సాధారణంగా అట్లాంటిదే కొంటారు.

మాంటాక్ మీద పెద్ద హోటలు, ఏడంతస్తుల ఆఫీసు, రోడ్లు కట్టించాడు. మంచినీటి సరస్సు గట్టు పేల్చి సముద్రంలో కలిపి రేవు చేశాడు. ఇదంతా మయామీ బీచి ఆస్తులు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు. అక్కడ తుఫాను తరువాత ధరలు పడిపోయాయి. 1929లో స్టాకు మార్కెట్టు కూలిపోయింది. 1930ల మొదటికి మాంటాక్ కంపెనీ అప్పులవాళ్ల చేతుల్లోకి పోయింది, మయామీ బీచిలోవీ పోయాయి. 1909లో తాను ముప్పై అయిదేళ్లవాడై పదిహేనేళ్ల పిల్లగా పెళ్లాడిన జేన్ 1926లోనే విడాకులు తీసుకుంది. ఒక్క కొడుకు పసితనంలోనే పోయాడు. తాగుడు తండ్రి నుంచి వచ్చిన వారసత్వం, అది మాత్రం మిగిలింది.

చివరి ఏళ్లలో ఫిషర్ మయామీ బీచిలోనే ఒక చిన్న ఇంట్లో ఉండేవాడు. పాత భాగస్వాములు జీతం కింద కొంత ఇచ్చేవాళ్లు. ఊరంతా తాను అమ్మిన మేడలు, అందులో తనది ఒక్కటీ లేదు. తన మీద తాను జాలిపడి ఏడ్చినవాడు కాదని తెలిసినవాళ్లు రాశారు. మధ్యతరగతి మగవాళ్లు చేపలు పట్టుకోవడానికి కీ లార్గో దీవిలో చవకగా ఒక క్లబ్బు కట్టించడం ఆయన ఆఖరి పని. 1939 జులై 15న కడుపులో రక్తస్రావంతో చనిపోయాడు. అరవై అయిదేళ్లు. తరువాత ఊళ్లో విగ్రహం పెట్టారు.

ఆయన దివాలా తీస్తే దస్తావేజుల్లోని షరతు దివాలా తీయలేదు. 1936లో పట్టణ పాలకులు హోటళ్లలో, ఇళ్లలో పనిచేసేవాళ్లు పోలీసుల దగ్గర పేరు రాయించుకుని, ఫోటో, వేలిముద్రలు ఇచ్చి కార్డు తీసుకోవాలని నిబంధన పెట్టారు. కార్డు లేని నల్లవాడు రాత్రిపూట కనబడితే పట్టుకునేవారు. జాతి షరతులను కోర్టులు అమలు చెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది 1948లో. యూదులు మాత్రం అంతకు ముందే, ధరలు పడ్డప్పుడు, ఒక్కొక్క హోటలే కొనుక్కుంటూ లోపలికి వచ్చేశారు. కొనడానికి డబ్బు లేనివాళ్లకు ఆ దారి లేదు.

వాళ్లు ఇంకో దారి వెతుక్కున్నారు. 1945 మే 9న మయామీ బీచికి ఉత్తరాన, తెల్లవారికే ప్రత్యేకించిన హాలోవర్ ఒడ్డున, కొందరు నల్లజాతి మగవాళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకుని నీళ్లలోకి దిగారు. లాసన్ థామస్ అనే నల్లజాతి వకీలు, అరెస్టులయితే జామీను కట్టడానికి జేబులో 500 డాలర్లు పెట్టుకుని ఒడ్డున నిలబడ్డాడు. పోలీసులు వచ్చారు. ఎవరినీ పట్టుకోలేదు, కేసు పెడితే కోర్టులో తేలిపోతుందని పైవాళ్లకు భయం. ఆ ఆగస్టు 1న జిల్లా అధికారులు వర్జీనియా కీ అనే దీవిలో ఒక ఒడ్డును నల్లజాతివారికి కేటాయించారు. వందల మైళ్ల తీరం ఉన్న రాష్ట్రంలో, మయామీ నల్లవారు దొరతనం వారి అనుమతితో సముద్రంలో మునిగింది ఆ రోజే మొదలు. ఆ దీవికి అప్పటికి వంతెన వెయ్యలేదు. రెండేళ్లపాటు వాళ్లు పిల్లాజెల్లాతో, అన్నం గిన్నెలతో, రేవు దగ్గర వరసలో నిలబడి పడవ ఎక్కి పోయేవారు.